తూకం తగ్గిన రొట్టె

గెంట్ నగరంలో తెల్లవారుజాము మూడింటికి
ఖోదెలీవ చెవిలోకి ఆరొందల ఏళ్లు దిగుతాయి.
మోచేతుల దాకా పిండి,
ఫోన్ ముట్టుకోవడానికి వీల్లేదు.
మధ్యలో పరుపుల ప్రకటన వస్తే అదీ వినాల్సిందే.

చరిత్రకారిణి మాఖ్టెల్ట్‌కి ఎప్పుడూ కాస్త జలుబు.
పాత కోర్టు దస్తరం చదువుతోంది:
తూకం తగ్గిన రొట్టె అమ్మినందుకు
ఒక వితంతువుకి జరిమానా,
కట్టలేక రాగి బాన తాకట్టు.

ఆగింది. కాగితం చప్పుడు.
"ఆమె పేరు రాసుకోలేదు.
రొట్టె ఎంత తగ్గిందో మాత్రం రాశారు.
ఎందుకు తగ్గిందో మనకి తెలియదు,"
అంది నిజాయితీగా, ముక్కు చీదుతూ.

ఖోదెలీవ చెయ్యి త్రాసు మీదే ఉండిపోయింది.

తడి పిండి పొయ్యిలో బరువు పోగొట్టుకుంటుంది.
చలికాలం కట్టె
ఇవాళ మండినట్టు రేపు మండదు.
జ్వరమొచ్చిన పిల్ల ఒళ్లో ఉంటే
చూపు ముల్లు మీద నిలవదు.
అంత చదివిన మనిషికి
ఇది ఎవరు చెప్పాలి?

"నాకు తెలుసు," అంది పైకే,
ఖాళీ బేకరీలో.

తర్వాతి ముద్ద తూచి,
తూకం సరిపోయాక కూడా
గోరంత కొసరు వేసింది,
ఆ రాగి బాన ఖాతాలోకి.