కూచున్నాక చెప్పు

డాక్టరుకి కాటా పుస్తకమే చూపించాను.
మార్చి పదకొండు.
తేజ, నలభై రెండున్నర.
తేజ, నలభై ఒకటి.
తాలు, ముప్పై ఎనిమిది.
అక్కణ్ణించి అక్షరం కిందికి జారి
అమ్మ, వాన, నలభై, మేకపిల్ల
అని ఉంది. నా చేతిరాతే.
ఆ టిక్కీ డబ్బులు కొట్టాయన
నా జీతంలో పట్టుకున్నాడు.

కొత్తపేటలో లిఫ్టు పనిచేయని ఆసుపత్రి.
తలనిండా తీగలంటించి ఒక రాత్రి,
రెండు గంటలకోసారి పడుకోబెట్టి ఒక పగలు.
పడుకోమన్న ప్రతిసారీ పడుకున్నాను.
బళ్ళో కూడా అంత బాగా చెప్పిన మాట వినలేదు.
నార్కోలెప్సీ అన్నాడాయన.
"నిద్ర కూడా జబ్బేనా సార్?"
గుమ్మం దగ్గర్నించి మా ఆయన.

నిద్ర ఒక్కత్తే వచ్చుంటే సర్దుకునేదాన్ని.
ఒక్క టిక్కెట్టు మీద ఎంతమంది దిగారో!
పూటకి గరిటెడు అన్నం తగ్గించినా
ఏడాదిలో పద్నాలుగు కిలోలు.
కాటా రాసేదాన్ని, ముల్లు అబద్ధమాడదని తెలుసు.
ఆ బరువు వెనకే గురక,
గురకలో ఊపిరి ఆగడం,
ఆగినప్పుడల్లా మా ఆయన లేచి కూచోవడం.
పగలంతా కొంగు పట్టుకు తిరిగిన నిద్ర
రాత్రి పదకొండు దాటాక అలిగిపోతుంది.
పిక్కల్లో చీమల బారు నడుస్తుంది.

తెల్లారుజామున కళ్ళు తెరుచుకుంటాయి.
వేలు కదలదు.
మంచం పక్కన ఒకడు నిలబడి ఉంటాడు,
వాడి మీంచి మిరప కోరు కూడా కొడుతుంది.
మా అత్త ఉపవాస ప్రార్థన పెట్టించింది,
నుదుటికి తైలం రాశారు.
డాక్టరు నవ్వలేదు, రాసుకున్నాడు.
వాడికీ ఒక పేరుందట.
పేరుందని తెలిశాక వాడు పోలేదుగానీ
కొంచెం పొట్టివాడయ్యాడు.

ఆఖర్న దిగినదానికి సామానేమీ లేదు.
ఊరికే వచ్చి పక్కన కూచుంది.
డబ్బా మూత తీశాను, మళ్ళీ పెట్టేశాను.
ఏడుపన్నా రాలేదు.
ఈ గుబులు జబ్బులోదా,
జబ్బుతో బతకడంలోదా అని అడిగితే
"విడదీసి చెప్పలేనమ్మా" అన్నాడు.
తాలునీ మంచికాయనీ
పొద్దస్తమానం విడదీసే ఊరు మాది!

ఇవన్నీ ఒక ఎత్తు. నవ్వు ఒక ఎత్తు.

హమాలీ నాగేంద్రం చెబుతున్నాడు ఆవేళ,
యార్డుకి కొత్తగా వచ్చిన బేరగాడు
కోరుకి తుమ్మితే
దలాలు పాట పెంచాడనుకుని రాసుకున్నాడట.
తుమ్మాడు, వంద.
మళ్ళీ తుమ్మాడు, ఇంకో వంద.
మూడో తుముకి నా దవడ వేలాడింది,
మోకాళ్ళ తాడు ఎవరో కోసేశారు,
ఎర్రటి రాశి మీద బోర్లా పడ్డాను.
అన్నీ వినబడుతున్నాయి.
"ఫిట్సు! తాళాలు పెట్టండి చేతిలో!"
ఎవరిదో ఇనప్పెట్టె తాళాలగుత్తి.
నా గుప్పిట ముడుచుకోదు.
నవ్వు ఇంకా లోపలే ఉంది,
వచ్చే దారి లేక.

అప్పట్నించీ నన్ను చూస్తే
చావింటికొచ్చిన మొహాలు పెడతారు అందరూ.
నాగేంద్రం బస్తా మోస్తూ అటు తిరిగి పోతాడు.
ఇంట్లో చిన్నది బడి కబురేదో మొదలుపెట్టి
నా మొహం చూసి
నోరు మూసుకుంటుంది.
పడితే దెబ్బ మానింది మూడు రోజుల్లో.
ఇది మానలేదు.

ఇవాళ మధ్యాహ్నం
మాత్ర వేసుకుని, కొట్టు వెనకాల
ఇరవై నిమిషాలు పడుకుని లేచాను.
ఖాళీ గోతాలు నాలుగు మడతేసి
గోడకి వీపానించి కూచున్నాను.
కాటా పుస్తకం దూరంగా నెట్టాను.
"నాగేంద్రం, ఆ తుమ్ముల బేరం
ఎంత దాకా పోయింది?"
"వద్దు రూతక్కా."
"కూచున్నాను గదరా. ఇప్పుడు చెప్పు."

బస్తా దించాడు.
తలగుడ్డ విప్పి మెడ తుడుచుకున్నాడు.
అటూ ఇటూ చూసి
ముక్కుపుటాలెగరేసి
తుమ్మబోయేవాడి మొహం పెట్టాడు.