పదహారు గళ్ళు

మొయిన్ భాయ్ దుకాణం వరంగల్ స్టేషన్ రోడ్డుల,
మెట్లు దిగితే హార్మోనియాల నడుమ రెండు మిషన్లు.
రెండూ ఎవరో వాడి ఇడిసినయే.
నా తాన ఉన్న పైసలకు ఒక్కటే వస్తది.

పైసలంటె,
రెండు పెండ్లిండ్ల సీజన్లు
పరకాల నుంచి నర్సంపేట దాంక బరాతుల ముంగట
ట్రాలీ మీద నిలవడి ప్యాడ్లు కొట్టిన పైసలు.
"ఆడిపిల్ల గొడ్తదా" అని అడిగినోళ్ళే
అర్ధరాత్రి దాంక ఎగిరిన్రు.
నోట్లకు ఇంకా జనరేటర్ వాసన.

ఒకటి డ్రమ్ మిషన్.
నల్లటి ఒళ్ళు, తిప్పుడు గుండీలు పన్నెండు.
కరెంటు తగలంగనే మాట్లాడుతది.
కిక్కు కొడితే కడుపుల పడ్తది,
హై-హ్యాట్ ఇసుక జల్లించినట్టు.
అలుపు లేదు, ఆకలి లేదు,
పెండ్లికొడుకు తాత వచ్చి ఆపమన్నా
దెబ్బ ఇటు జరగదు, అటు జరగదు.
పావుగంటల ఒక పాట తయారైంది.
మంచిగనే ఉన్నది.
గానీ నేను రాకముందే అది అందుల ఉన్నట్టు,
కిరాయి ఇంట్ల ముందటోళ్ళు ఇడిసిపోయిన
క్యాలెండర్ లెక్క.

రెండోది శాంప్లర్.
బూడిద రంగు, నాలుగు వరుసల రబ్బరు గళ్ళు,
ఆఖరుది అంచు చిట్లింది.
నొక్కిన. ఏం రాలె.
ఇంకోటి నొక్కిన. ఏం రాలె.
"ఖరాబైందా భాయ్?"
"ఖాళీగున్నది బేటా. నువ్వేం పోస్తె అదే."
"ఎంత పడ్తది?"
అద్దాలు పైకి జరిపి లెక్కజేసిండు.
ముప్పైరెండు సెకన్లు.
మొత్తం కలిపి.

కాజీపేట కాడ గేటు పడితే
అంతకంటె ఎక్కువసేపు నిలవడ్తం.

పదిహేను వందలు బాకీ పెట్టి
ఖాళీదే తెచ్చుకున్న.

ముప్పైరెండు సెకన్లల్ల ఏం పట్టాలె?
గూడ్సు డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు, ఒకటిన్నర.
మొయిన్ భాయ్ షట్టరు, రెండు. తోక కోసేస్తె ఒకటి.
ఎనుమాముల యార్డుల కాంటా మీద బస్తా పడ్డ దబ్బు.
వేలం పాటల నుంచి సగం అంకె,
ఆ సగానికి ఎవని మిర్చి ఎంతకు పోయిందో తెల్వదు.

అమ్మ ఆడనే తొడిమలు తీస్తది.
ఇంటికొచ్చినా తుమ్ములు ఆగయి,
కొంగు దులిపితే ఘాటు లేస్తది.
ఒక తుమ్మును ముందూ ఎనకా కోసి స్నేర్ జేసిన.
ఇనిపిస్తె నవ్వి నవ్వి మళ్ళ తుమ్మింది.
"దీనికి గూడ కూలి ఇస్తరా ఏందే?"

పదిహేను నిండినయి.
పదహారోది సారయ్య మామ డప్పుకు ఉంచిన.

వరిగడ్డి మంట మీద డప్పు కాపుతాండు.
చెవు కాడ పెట్టి వేలితోని అడుగుతడు, కాగినవా అని.
మైకు దగ్గరికి జరిపి, ఒక్క దెబ్బ మామా, అన్న.
సిర్ర లేపిండు.
ఆగిండు.
"గిందుల నేను పడ్డంక
వచ్చే మాఘంల నన్నెవలు పిలుస్తరు పిల్లా?"

ఏం చెప్పాలె.
ట్రాలీ ఎక్కిన మొదటి రాత్రి
మా ఎనక నడిచిన డప్పులోళ్ళను
నేను ఒక్కసారి గూడ తిరిగి సూడలె.
రికార్డు బటన్ ఎర్రగనే ఉన్నది.
గడ్డి చిటపట తప్ప ఏం పడలె.
అదీ చెరిపేసిన.

రాత్రి మామనే వచ్చిండు మా ఇంటికి.
సిర్ర సంకల పెట్టుకొని మిషన్ ముందట కూసున్నడు.
ఒక్కొక్క గడి నొక్కుతాండు,
గూడ్సు. షట్టరు. బస్తా. మా అమ్మ తుమ్ము.
తుమ్మును మూడుసార్లు నొక్కిండు.
చిట్లిన గడి మీద వేలు పెట్టిండు. ఏం రాలె.
మిషన్ను లేపి చెవు కాడ పెట్టుకొని
మళ్ళ అడిగిండు.

"గిది మంచిగున్నది," అన్నడు,
"గిట్లనే ఉండనియ్యి."

మొయిన్ భాయ్ బాకీ మాఘంల తీర్చాలె.
నాకూ మామకూ ఒక్కటే బరాతు దొరికితె
మంచిగుండు.