సన్నని గీత

కూహ్మో దాటాక, తారు రోడ్డు మట్టిబాటయ్యే మలుపులో
తౌనో కమ్మరిశాల.
"పెద్ద కత్తి కావాలి," అన్నాను.
"మూస్ అంటే నాలుగొందల కిలోలు కదా."

ముసలాయన నవ్వలేదు.
బల్ల కిందనుంచి ఓ టర్నిప్ దుంప తీసి,
మొద్దుబారిన వంటింటి కత్తితో సహా
నా చేతిలో పెట్టాడు.
"తొక్క తియ్యి."

తీశాను.
ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి వండిపెట్టిన చెయ్యి ఇది.
ఆయన దుంపవైపు చూడనేలేదు.
నా బొటనవేలినే చూశాడు,
అది అలుగు వీపున ఎక్కడ ఆనిందో,
ఎప్పుడు వెనక్కి తగ్గిందో.

గోడనిండా కత్తులు.
జానెడు పొడుగున్నదాన్ని వేలితో చూపించాను.
"అది ఎలుగుతో కుస్తీ పడదామనుకునేవాళ్ళది.
ఎలుగు ఇంతవరకూ రాలేదు.
దాంతో సాసేజీలు కోసుకుంటున్నారు."
మొనన కొక్కెమున్నది?
"బొచ్చు ఇరుక్కునేదాకా భేషుగ్గా ఉంటుంది."
వీపున రంపప్పళ్ళున్నది?
"కత్తిగానూ సగమే, రంపంగానూ సగమే.
ఎముకకి రంపం విడిగా పట్టుకెళ్ళు."

చివరికి సొరుగులోంచి తీశాడు,
నాలుగు వేళ్ళంత అలుగు,
మొన దగ్గర కొంచెం బొజ్జ,
బర్చ్ బెరడు పొరలు పొరలుగా పేర్చిన పిడి.
"నెత్తురు తగిలినా జారదు. చలికి చేతిని కొరకదు.
ఉక్కు మాత్రం తుప్పు పట్టే రకం,
తుడవడం మర్చిపోయేవాళ్ళకి నేనివ్వను.
పిడికి ఎర్రగుడ్డ కట్టుకో.
మంచులో కత్తులు పారేసుకునేవాళ్ళ పుణ్యమా అని
నా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది."

అక్టోబరు రెండో శనివారం.
తుపాకి రైమోది.
కత్తి నాది.

చిత్తడినేల అంచున అది పక్కకి ఒరిగి పడుంది,
నాలుక కింద ఇంకా సగం నమిలిన ఆకు.
మోకాళ్ళమీద కూర్చున్నాను.
తోలు కింద రెండు వేళ్ళు దూర్చి పైకెత్తి
వాటి నడుమ, పదును ఆకాశానికి తిప్పి,
లోపలినుంచి బయటికి.
బయటినుంచి కోస్తే ముందు తెగేది బొచ్చులోని ఇసక,
తర్వాత నీ పదును.
పేగుకి గోటంత గాటు పడిందా
చలికాలమంతా పళ్ళెంలో ఆ కంపే.

పొట్ట తెరుచుకుంది.
ఆవిరి ఒక్కసారిగా మొహానికి కొట్టి
కళ్ళద్దాలు తెల్లబోయాయి.
తుడుచుకోడానికి పొడిచెయ్యి లేదు.
ఇక చూడటం మానేశాను.
వేళ్ళే చెప్పాయి, ఇది కొవ్వు, ఇది పొర,
ఇది తాకకు,
ఇక్కడ ఆగు.
పెద్ద కత్తయితే మొన ఎక్కడుందో
వేళ్ళకి తెలిసేది కాదు.

తోలు ఒలవడం సగమయ్యాక
కుడి భుజం కింద కిర్రుమంది.
ఎముక చప్పుడు కాదది.
తవ్వి తీస్తే పాత తూటా,
ఉక్కు తొడుగుది, చుట్టూ కండ గట్టిపడి
గింజని మూసిన పెంకులా.
ఎన్నేళ్ళు మోసిందో,
ఎన్ని ఏర్లు ఈదిందో దాంతో.

రైమో దాన్ని అరచేతిలో దొర్లించాడు.
మంటచుట్టూ ఏడుగురు మగాళ్ళు,
ఒకరి తర్వాత ఒకరు చూసి పక్కవాడికిచ్చారు.
గురితప్పిన వాటిని ఎవరికి వాళ్ళు
లోపల లెక్కేసుకుంటున్నట్టున్నారు.
నాది అని ఒక్కడూ అనలేదు.
కాఫీ మాత్రం పొంగి నిప్పులో పడింది.

అలుగుకి చిన్న నొక్కు.
తౌనో దీపం కింద పెట్టి చూశాడు,
"సానమీద రెండు నిమిషాల పని."
"వద్దు," అన్నాను.
ఎందుకని అడగలేదు ఆయన. పదును మాత్రం పెట్టి,
ఒరలో పెట్టి, నావైపు పిడి తిప్పి ఇచ్చాడు.

ఇప్పుడు చీజ్ కోస్తే
ప్రతి ముక్కమీదా ఒక సన్నని గీత లేస్తుంది.
పక్కింటి ఐలా, ఆరేళ్ళది,
దానిమీద వేలు పెట్టి రాస్తూ అడిగింది,
"ఇదేంటి?"

"ముందు తిను," అన్నాను.