సగానికి గడువు

శుక్రవారం నా టపా బండిలో
కిటికీ కవరు ఒకటి ఉండేది.
ఆ కిటికీలోంచి రోజేర్ పెల్టియే అన్న పేరు
బయటికి చూస్తుండేది.

ఆండ్రోస్కాగిన్ నది పక్కన
కాగితపు మిల్లు వాసన ఊరి మీద పడుకుని ఉండే రోజుల్లో
టన్ను బరువు చుట్ట ఒకటి
కొక్కెం జారి దొర్లింది.
తప్పుకున్నాడు, మొత్తం తప్పుకోలేదు.
నడుము దగ్గర రెండు ఎముకలు
ఆ పూటనుంచీ మాట్లాడుకోవడం మానేశాయి.

"సగమే పోయింది, అదృష్టవంతుడివి" అన్నాడట
కంపెనీ పంపిన డాక్టరు.
ఆ సగం అన్న మాటే కొంప ముంచింది.
చట్టంలో అలా రాసుంది మరి:
మనిషి పూర్తిగా పాడైతే గడువు లేదు,
సగం పాడైతే అయిదువందల ఇరవై వారాలు.
ఆ తర్వాత ఆ సగం
ఎవరి ఖాతాలోకి పోతుందో రాయలేదు.

ఇదంతా నాకు చెప్పింది అతనే,
మొదటి చలికాలం,
మంచు తోసే బండి విరగ్గొట్టిన
టపాపెట్టె కొయ్యకు తాడు చుడుతూ.

పోనుపోను పలకరింపులు మానేశాడు.
నేను కవరు చాస్తే అంకె చెప్పేవాడు.
"నలభై ఒకటి."
"నూట పదహారు."
బురద కాలంలో, గొడుగు కింద,
"రెండొందల తొమ్మిది."

తేలిక పని చూసుకోమన్నారని
ఆసుపత్రి కార్ల దగ్గర కావలి కాశాడు.
నాలుగు గంటలు నిలబడి
నాలుగు రోజులు పడుకున్నాడు.
తర్వాత మిల్లే మూతపడింది.
పొగ ఆగింది, కవరు ఆగలేదు.

మూడువందల డెబ్బై మూడు దగ్గర
అతని భార్య జెర్మెన్ పోయింది,
శనివారం చర్చి విందుకి చిక్కుడు గింజలు వండే జెర్మెన్.
ఆ వారం కూడా అంకె తప్పలేదు.
చెప్పాక లోపలికి పోవడమే మరిచిపోయాడు.

ఒకసారి నాకే విసుగొచ్చింది.
"వచ్చినన్నాళ్ళు తీసుకోక, ఈ లెక్కేమిటి?"
"లెక్క నాది కాదు, వాళ్ళది.
నేను పైకి చదువుతున్నానంతే."

నా భుజం సంగతి ఎవరికీ చెప్పలేదు.
ఇరవై రెండేళ్ళుగా బండి కిటికీలోంచి చాచి
ఊరందరి పెట్టెలూ తెరిచిన భుజం.
రాత్రి అటు తిరిగి పడుకుంటే
అరుస్తుంది.
అది సగమో, మొత్తమో
ఇంకా ఏ డాక్టరూ తేల్చలేదు.
తేల్చమని నేనూ అడగలేదు.

అయిదువందల ఇరవై నాడు
గడ్డం గీసుకుని వచ్చాడు.
కవరుని చొక్కా జేబులో పెట్టి
బొత్తాం కూడా పెట్టుకున్నాడు.
నడుం పట్టుకుని ఎక్కే మెట్లు
ఆ రోజూ మూడే.
ఒక్కో మెట్టు దగ్గరా ఎప్పటిలాగే ఆగాడు.
గడువు తీరిందని
నడుముకి ఎవరూ ఉత్తరం రాయలేదు.

మరుసటి శుక్రవారం
అతని పేరు మీద
మంచు పారల ధర తగ్గిందన్న రంగు కాగితం తప్ప
ఏమీ లేదు.
ఆపకుండా పోదామనుకున్నాను.
పెట్టె పక్కనే నిలబడి ఉన్నాడు, టోపీ లేకుండా.
కాగితం అందుకుని
అటూ ఇటూ తిప్పి చూసి
"ఒకటి" అన్నాడు.

వెనక కారు హారన్ కొట్టేదాకా
బ్రేకు మీంచి కాలు తియ్యలేకపోయాను.