బస్సు శ్రుతి

నాకు కారు లేదు.
తీగలు బిగించే మర ఉంది, సుత్తి ఉంది,
పర్సులో ఏడాది పాసు ఉంది.
పాసు మీది ఫోటోలో నా జుట్టు ఇంకా నెరవలేదు.

ఈ కొండల్లో పియానోలు ఎక్కడెక్కడ దాక్కున్నాయో
పోస్టుమాన్‌కి తెలుసు, నాకు తెలుసు.
మూసేసిన హోటల్లో ఒకటి, దుప్పటి కప్పుకుని.
లావినాలో బర్టోగ్ గారి గడ్డికొట్టంలో ఒకటి,
దాని కడుపులో నిరుడు ఎలుక ఈనింది.
అవి కదల్లేవు. నేనే వెళ్ళాలి.

ఎర్ర రైలు ఆరూ పదహారుకి.
సొరంగంలో చెవులు మూసుకుపోతాయి,
బయటపడ్డాక టప్పున తెరుచుకుంటాయి.
అందుకే దిగిన అరగంట దాకా
ఏ తీగ మాటా నమ్మను.

రైలు ఆలస్యమైతే బస్సు ఆగుతుంది,
బస్సు ఆలస్యమైతే రోప్‌వే ఆగుతుంది,
రోప్‌వే ఆగితే పైన మేకలు ఆగుతాయి, పొదుగుల బరువుతో.
ఒకరి చిటికెనవేలు ఒకరు పట్టుకుని
కొండెక్కుతున్నట్టుంటుంది ఇక్కడి టైంటేబుల్.

తనిఖీకి వచ్చిన కొత్త కుర్రాడు
కార్డు వెనకా ముందూ తిప్పి చూశాడు.
"ఇంత తిరుగుతారు, మీదే ఊరు?"
"జోన్ పదిహేడు నుంచి ఇరవై ఆరు దాకా" అన్నాను.
నవ్వలేదు. నిజమే అనుకున్నాడు.
కొంచెం నిజమే.

అసలు చెప్పాలనుకున్నది సుర్‌క్రాప్ బడి గురించి.
పసుపు బస్సుకి అది ఆఖరి మలుపు.
ఆరుగురు పిల్లలు, ఒక టీచరమ్మ,
కిటికీ పక్కన ఎండకి బీటలిచ్చిన పియానో.
మార్చి నెల. చూరుల్లోంచి మంచు కారుతోంది.
శ్రుతిదండం మోకాలికి కొట్టి, పళ్ళ మధ్య పట్టి,
పుర్రెలో మోగేదాకా విని,
మూడు గంటలు ఒక్కొక్క తీగనీ దారికి తెచ్చాను.
"పాడండి" అంది టీచరమ్మ.
ఆరు గొంతులూ వెంట్రుకవాసి కిందున్నాయి.
మళ్ళీ పాడారు. మళ్ళీ అంతే.
బ్రైదా అని ఏడేళ్ళ పిల్ల, ముందు పళ్ళు రెండూ లేవు,
నా మొహం మీదే అనేసింది:
"పియానోని పాడుచేశావు.
ఇది బస్సుతో కలవట్లేదు."

అప్పుడు విన్నాను.
మలుపు దగ్గర హారన్, మూడు స్వరాలు,
ఎదురొచ్చేవాళ్ళకి "వస్తున్నా, పక్కకుండు" అని.
జాకెన్ నడిపే ఆ బస్సు పాతది.
ఏ చలికాలమో దాని గొంతు కొంచెం దిగింది,
ఎప్పుడు దిగిందో దానికే తెలీదు.
పుట్టినప్పట్నుంచీ రోజుకి ఆరుసార్లు
ఈ పిల్లలు విన్నది అదే.
వాళ్ళకి షడ్జమం అదే.

ముప్ఫై ఏళ్ళు దండాన్ని నమ్మినదాన్ని.
పని నేర్పిన మేస్త్రి ఉంటే చెవి మెలేసేవాడు.
దండాన్ని గుడ్డలో చుట్టి పడుకోబెట్టాను,
కిటికీ తెరిచాను.
చలి లోపలికొచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు.
నలభై నిమిషాలకి తర్వాతి బస్సు మలుపు తిరిగి కూసింది.
ఆ కూత చెవిలో చల్లారకముందే మొదటి తీగ దించాను.
మిగతా రెండొందల పైచిలుకూ దాని వెనకే దిగాయి,
గంట కట్టిన మేక వెనక మందలా.

ఆఖరి బస్సు నాలుగూ ఇరవైకి.
పెట్టె సర్దుతుండగానే నాలుగూ ఇరవై దాటింది.
కిటికీలోంచి చూస్తే జాకెన్ ఇంజను ఆపి
చక్రం పక్క మంచుని బూటుతో తన్నుతున్నాడు,
కొండని చూస్తున్నాడు, మబ్బుని చూస్తున్నాడు,
నన్ను తప్ప అన్నీ చూస్తున్నాడు.
ఎక్కి పాసు తీయబోతే, చూశాన్లే అన్నట్టు చెయ్యూపాడు.
"కింద రైలు వెళ్ళిపోతుందేమో."
"ఆగుతుంది. ఫోన్ చేసి చెప్పాను."
"ఏమని?"
"పియానో వస్తోందని."

మొదటి మలుపులో హారన్ కొట్టాడు.
పైన, ఇంకా మూయని కిటికీలోంచి
ఎవరో మూడు మీటలు నొక్కారు.
బ్రైదానే అయ్యుంటుంది.
మూడోది తప్పు నొక్కింది.
శ్రుతి మాత్రం తప్పలేదు.