పసుపు కండె

కొత్తవాడ రెండో గల్లీల
ఆడెపు సాయిలుకు రెండు గుంట మగ్గాలు.
ఒకటి బతుకుది. రెండోది మూలకు,
దాని మీది షతరంజీని ఇంతవరకు కోయలేదు.
ఎవరన్నా బేరమాడితే
"దేశం లెక్క ఇది, గజాలల్ల దొరకది" అంటడు.

ఆసియా ఆటలు అయిపోయినంక
బెత్తెడో జానెడో నేస్తడు.
పతకానికి ఒక వరస.
బంగారానికి పసుపు, వెండికి తెలుపు,
కంచుకు తుమ్మచెక్క నీళ్లల్ల ఉడికిన గోధుమ.
ఆ మీద ఒక ఎర్రచార.
ఎర్రచార అంటే
ఇగ నాలుగేండ్లు ఎవ్వడూ పరుగు ముచ్చట తియ్యడు.

మొదలు పెట్టింది ఆయన నాయిన.
ఢిల్లీ, యాభై ఒకటి, పదిహేను పసుపు వరసలు.
ఆజంజాహి మిల్లు సైరనుకు ఓరుగల్లు లేచే దినాలు.
ఆ మిల్లు నూలే.
నేను ముక్కు ఆనించి చూసిన,
ఇప్పటికీ నూనె వాసన.

తొంభై దగ్గరికి వస్తే చెయ్యి ఆగుతది.
బీజింగ్.
ఒక్కటే పసుపు పోగు, కబడ్డోళ్లు తెచ్చింది.
"కూత పెట్టెటోళ్లు లేకుంటె
ఆ ఏడు పసుపు కండె పెట్టెల్నే ఉండు"
అంటడు, నవ్వడు.
చీమ కూడ ఒక్క అంగల దాటుతది దాన్ని.

నాకు ఈ ఇల్లు అలవాటయింది హర్డిల్స్ వల్ల.
హనుమకొండ స్టేడియం, నాలుగు వందల మీటర్లు, పది కంచెలు.
ఎనిమిదోది మోకాలుకు తాకింది.
ముగ్గురిని తీసుకున్నరు. నేను నాలుగు.
ఆ మాపు ఇంటికి పోబుద్ధి గాక
మగ్గం చప్పుడు వినొస్తున్న గడప మీద కూసున్న.
నీళ్లిచ్చిండు, ఏమీ అడగలే.
ఇప్పుడు నర్సంపేట గురుకులంల పీఈటీని.
మెడల విజిల్ ఉంటది. దానికీ రిబ్బనే.

ఒకసారి నేనే అడిగిన:
"తాతా, నాలుగో మనిషికి ఏ రంగు?"
నాడె ఆపలే.
"గా లెక్క పేపర్ల రాదు బిడ్డా."

కరోనా ఏడు, శ్రావణం మొదట్ల,
కొత్తవాడ మొత్తం మూగగ ఉన్నప్పుడు
మాస్కు కింద మూతి తడుస్తుంటె ఉరికిన వార్త పట్టుకొని.
రెండేండ్ల కింది జకార్తా లెక్క మారింది తాతా,
గెలిచినామె మందు తిన్నదట,
మన వెండి ఒకటి బంగారమైంది,
నాలుగొచ్చిన మన పిల్లకు కంచిచ్చిండ్రు.
ఏ పరుగు?
నాలుగు వందలు. కంచెలది.

బీడీ ముట్టిచ్చిండు, తాగకుండనే ఆర్పిండు.
మూల మగ్గంలకు దిగి
ఎర్రచార నుంచి విప్పుడు షురూ చేసిండు.
ముప్పై గోధుమలు, ఇరవై నాలుగు తెల్లలు,
యాభై నాలుగు వరసలు ఊడితె గాని
పదిహేనో పసుపు తేలది.
దాని మీద ఇంకొకటి ఎక్కియ్యాలె.
గంతే పని. మూడు దినాలు పట్టింది.

పేక ఊడంగ ఊడంగ
కింద పడుగు బయటపడ్డది,
రంగెయ్యని దారం, తీగ లెక్క బిగిసి.
ఇన్నేండ్లల్ల నేను దాన్ని చూడనే లేదు.
వేలు పెట్టబోయిన.
"ముట్టకు," అన్నడు,
"గది తెగితె అన్నీ ఊడుతయి."

మొన్న హాంగ్‌ఝౌల నూరు దాటినయి.
గల్లీల పటాకులు కాల్చిండ్రు.
సాయిలు తాత పసుపు నూలు సరిపోక
పక్కింటి బైరి ఓదెమ్మ దగ్గర బదులు తెచ్చిండు.
అది ఇంక తీర్చలే, ఆమె రోజూ యాదిచేస్తది.

ఇప్పుడు దోనె మీద పడుగు ఒడుస్తున్నది.
మళ్లా ఆటలకు జానెడు కూడ రాదు.
"మీ బడిల ఎవరన్న ఉన్నరా?" అంటడు.
ఒకతుంది, ఏటూరునాగారం దిక్కు పిల్ల,
ఎనిమిదో కంచె కాడ కండ్లు మూసుకుంటది.
"గెలుస్తదా?"
తెల్వది తాతా.

సరే అని కొత్త పడుగు తెచ్చి పెట్టిండు.
పాత కొసకు కొత్త కొస,
నాలుగు వందల ముడులు, ఒక్కొక్కటీ చేత్తోనే.
ఆయన చూపు ఆనుతలేదు.
ఐతారం బడి లేదు,
నేనొచ్చి అటు కొసలు పడుత అన్న.