పాలు ఎండగట్టిన నెలలు

వర్తూరు చెరువు వెనక, మూడు అపార్ట్‌మెంట్ల నడుమ
మిగిలిపోయిన రేకుల కొట్టం మాది.
జూన్ పన్నెండున బొల్లికి సూది వేయించాం.
డాక్టరిచ్చిన చీటీ నా పెళ్లి ఫోటో వెనక దోపాను.
మా ఇంట్లో పోకుండా ఉన్న కాగితం అదొక్కటే.

జనవరి చివర్లో పాలు ఆపేశాం.
మొదట ఒకపూటే, తర్వాత రోజు విడిచి రోజు,
దాణా తగ్గించి, ఎండుగడ్డి మీదే ఉంచి,
చివరికి నాలుగు చన్నుల్లోకీ మందు ఎక్కించి.
మా అత్త అక్కాయమ్మ పొదుగు వైపు చూడకుండా తిరిగేది,
బాకీ ఉన్న అంగడి ముందు తిరిగినట్టు.

ఏడో అంతస్తు ఆమె ఫోన్ చేసింది:
"రెండు నెలలా? మీరే తాగేస్తున్నారా ఏం?"
"లోపల ఒకరున్నారు మేడం. ఇప్పుడు వాళ్ల వంతు."
ఆమె ప్యాకెట్‌కి మారింది.
నెలకు పద్దెనిమిది వందలు
లిఫ్టెక్కి వెళ్లిపోయాయి.

మార్చిలో బోరు గాలి కక్కింది.
చూడావు రోజుకు డెబ్భై లీటర్లు తాగుతుంది.
ట్యాంకరువాడు ఫోనెత్తడు, ఎత్తితే ధర మార్చి చెప్తాడు.
అత్త తన స్నానం నాలుగు చెంబులకు దించింది.
నన్నేమీ అనలేదు. నేనూ దించాను.
బండల మీద కాలు జారకూడదని
వడ్రంగి షాపు నుంచి రంపపు పొట్టు మోసుకొచ్చి పరిచాం.
పొడిచే అలవాటున్న గౌరిని అవతలి గుంజకు కట్టాం.

నేను క్యాలెండర్లో గీతలు కొడుతుంటే
అత్త తోక ఎత్తి చూసేది.
"నీ లెక్క ఇరవై రెండు. దానికి ఎముకలింకా వదల్లేదు."
ఇరవై రెండు వెళ్లిపోయింది. ఇరవై మూడూ.
ఇరవై నాలుగు సాయంత్రం తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు,
వేలు పెడితే నానిన పిండి.

రాత్రి పదకొండు. డ్రమ్ములో చెంబు మునగదు.
పక్క గేటు వాచ్‌మన్ ఓబులేసు, కదిరి వైపు మనిషి,
మా పేడ వాసన మీద వచ్చే ఫిర్యాదులన్నీ
గుండ్రటి అక్షరాలతో రిజిస్టరులో రాసేవాడు.
చెత్తబండిలో రెండు క్యాన్ల నీళ్లు తోసుకొచ్చాడు.
"లాన్‌కి పెట్టేవి. గడ్డి ఒక్కరోజుకి చావదులే."
కెమెరాలో పడింది.
నెలాఖరున అతని జీతంలో ఐదొందలు కోత.

రెండున్నరకి ముందు కాళ్లు, వాటి మీద ముక్కు.
పట్టుకుని లాగబోయాను.
అత్త నా మణికట్టు మీద ఒక్కటేసింది.
"అది ముక్కినప్పుడే లాగాల.
ఉత్తప్పుడు లాగేది దాని కోసం కాదు, నీ భయం కోసం."

కోడెదూడ.
ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.
ఈ సందులో కోడెదూడని ఎన్నాళ్లు ఉంచగలమో
ఇద్దరికీ తెలుసు.
అత్త గడ్డిపోచ తీసి దాని ముక్కులో గెలికింది.
అది తుమ్మింది.
"తుమ్మినాడు," అంది, ఎవరికో చెప్తున్నట్టు.

క్యాన్లో నీళ్లు గోరువెచ్చగా కాచి
బెల్లం, గుప్పెడు ఉప్పు కలిపాను.
బొల్లి దూడని నాకడం ఆపి
కళ్ల దాకా బకెట్లోకి తల దించింది.
గొంతు కింద ముడి ఒకటి ఎక్కుతూ, దిగుతూ.
లెక్కపెట్టాను.
నలభై దాటాక
నా లెక్కే తప్పింది.